అతుకుల గొంతు

విద్యాధరపురంలో కొండను చెక్కి కట్టిన ఇళ్లున్నాయి. వాటిలో అరుంధతి వాళ్ల ఇల్లు కొండకు మరీ ఆనుకుని ఉంటుంది. వెనక గదికి మూడు గోడలే కట్టారు, నాలుగోది కొండే, దానికే సున్నం కొట్టి వదిలేశారు. ఎండాకాలంలో ఆ గది చల్లగా ఉంటుందని ఇల్లు చూపించిన బ్రోకరు గొప్పగా చెప్పాడు గానీ, అందులో ఫోను పనిచెయ్యదన్న సంగతి మింగేశాడు. ముందు గదిలో సిగ్నల్ రెండు గీతలు, వంటింట్లో ఒకటి, వెనక గదిలో అదీ లేదు. ఎవరితోనైనా సరిగ్గా మాట్లాడాలంటే డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, బెజవాడ సగానికి వినపడేలా అరవాలి. వాళ్లింట్లో ఎవరికి ఏ మాత్ర పడదో పక్క డాబాల వాళ్లకి కూడా కంఠతా వచ్చు.

ఇందులో వింత ఏమిటంటే, అరుంధతి చేసే ఉద్యోగమే ఫోను కాల్స్ బాగుచెయ్యడం. మంగళగిరి దగ్గర ఒక చిన్న ప్రయోగశాలలో ఆమె ఇంజనీరు. భర్త పూర్ణచంద్రరావుకి ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపుంది. ఊరందరి ఫోన్లూ బాగుచేసే ఆవిడ మొగుడు మాత్రం ట్యాంకు పట్టుకుని వేలాడాలని అతను వచ్చిన ప్రతి చుట్టం దగ్గరా వాపోయేవాడు. ఆమె ఉడుక్కునేది. ఒక రోజు ఆ ఉడుకుమోత్తనంతోనే అతుకును ఇంటికి తెచ్చింది.

అతుకు అంటే అరచేతిలో ఇమిడే పెట్టె. దానికి కాగితాల మీద ఇంకేదో పొడుగాటి పేరుంది, అది ఎవరికీ గుర్తుండదు. సిగ్నల్ సరిగా లేనిచోట మాట ముక్కలుముక్కలుగా వస్తుంది కదా, ఆ ముక్కల మధ్య ఖాళీని అవతలి మనిషి గొంతుతోనే పూడ్చడం దీని పని. ముందు కొన్నాళ్లు ఆ ఇంటికి వచ్చే కాల్స్, వెళ్లే కాల్స్ అన్నీ వింటుంది. ఎవరి గొంతు ఎలా ఉంటుందో, ఎవరు ఏ మాట తర్వాత ఏ మాట అంటారో పట్టేస్తుంది. ఆ తర్వాత చిరిగినచోట అదే రంగు దారంతో కుట్టే దర్జీలా కుట్టుకుంటూ పోతుంది. ఇంట్లో పెట్టె ఇంటికి వచ్చే గొంతును కుడుతుంది, దగ్గరి టవర్ కింద పెట్టిన దాని జోడీ ఇంటి నుంచి వెళ్లే గొంతును కుడుతుంది.

పెట్టె ఎంత బాగా పనిచేస్తోందో తేల్చడానికి అరుంధతి చేతిలో రెండు ఫోన్లు పట్టుకుని గదిగదికీ తిరిగేది. ఒకటి మామూలుది, ఒకటి అతుకుతో కలిపింది. ప్రతి గదిలోనూ సిగ్నల్ ఎంతుందో చూసి, రెండింట్లోనూ మాట ఎంత హాయిగా వినపడుతోందో అయిదుకి మార్కులు వేసేది. అవతల ల్యాబ్‌లో వాళ్ల పెద్దాయన ఉస్మాన్ గారు కూర్చుని, పరీక్ష కోసం రాసిపెట్టుకున్న వాక్యాలు చదివేవాడు. కృష్ణలో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది. మా అబ్బాయి బడికి వెళ్లాడు. ఏ రోజైనా అవే వాక్యాలు, అదే వరుస. మాట మారితే మార్కులు పోల్చడం కుదరదని వాళ్ల పద్ధతి అలా ఏర్పడింది.

మామూలు ఫోనుకి ముందు గదిలో మూడు మార్కులు, వంటింట్లో రెండు వచ్చాయి, వెనక గదిలో సున్నా. అతుకు ఫోనుకి మొదట్లో వెనక గదిలో కూడా అంతంతమాత్రమే వచ్చాయి, ఎందుకంటే పెట్టెకి ఒక హద్దు ఉంది. సగం మాట కంటే పెద్ద ఖాళీ వస్తే అది వేలు పెట్టకూడదు, ఖాళీని ఖాళీగానే వదిలెయ్యాలి. ఆ హద్దును తన ఇంటి మట్టుకు పెంచింది అరుంధతే. సగం మాటను ఒక మాట చేసింది, మాటను వాక్యం చేసింది, తర్వాత ఇంకాస్త. ఎవరి మీదో పెత్తనం చెయ్యాలని కాదు, ఆదివారాల కోసం చేసింది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు జోషిత ఇంటర్ రెండో ఏడాది. హైవే పక్కన, చుట్టూ ఎత్తైన గోడ ఉన్న రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటుంది. తెల్లారకముందు స్టడీ అవర్, పొద్దుపోయాక స్టడీ అవర్, మధ్యలో క్లాసులు. పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. ఆదివారం మధ్యాహ్నం వార్డెన్ టేబుల్ మీద సిమ్‌తో నడిచే ఫోను ముందు లైన్లో నిలబడి, తమ వంతు వచ్చినప్పుడు ఇంటికి నాలుగు ముక్కలు మాట్లాడుకోవాలి, వెనక ఉన్న పిల్ల గొణగడం మొదలుపెట్టగానే పెట్టెయ్యాలి. ఆ కాస్త సమయమూ హలో, వినపడుతోందా, ఏంటీ, మళ్లీ చెప్పు అనుకోవడంతోనే అయిపోయేది. చేరిన కొత్తలో జోషిత ఫోనులో ఏడ్చేది. ఏడుపు కూడా ముక్కలుగా వినపడటం కంటే నరకం లేదని అరుంధతికి అప్పుడే తెలిసింది.

హద్దు పెంచాక ఆదివారాలు మారిపోయాయి. వెనక గదిలో మంచం మీద కూర్చుని, చల్లగా, తీరుబడిగా మాట్లాడుకోవచ్చు. పిల్ల గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినట్టు వినపడేది. తిన్నావా అంటే తిన్నానమ్మా అనేది. టెస్టు బాగానే రాశానమ్మా అనేది. చివర్లో అరుంధతి ఎప్పుడూ అనే మాట అనేది, ఇంకొన్నాళ్లు ఓర్చుకో తల్లీ, ఇట్టే గడిచిపోతాయి అని. సరేనమ్మా అని పిల్ల పెట్టేసేది. ఏడుపు ఆగిపోయింది. మన పిల్ల అలవాటు పడిందే, పర్వాలేదు అని పూర్ణ గుండెల మీద చెయ్యేసుకున్నాడు. అరుంధతికి ఆ వారమంతా వంట కూడా రుచిగా కుదిరేది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక చిన్న గొడవ జరిగింది. ఒక సాయంత్రం అరుంధతికి ఉన్నట్టుండి కళ్లు తిరిగాయి. వెనక గదిలో పడుకుని, షాపు కట్టేసి త్వరగా రమ్మని పూర్ణకి ఫోను చేసింది. సరే అన్నాడు. ఎప్పుడూ వచ్చే వేళకే, ఈల వేసుకుంటూ, రెండు పెరుగు ప్యాకెట్లు పట్టుకుని వచ్చాడు. కళ్లు తిరుగుతున్నాయంటే పెరుగు తెస్తారా అని ఆమె నిలదీసింది. నువ్వు చెప్పింది పెరుగు సంగతే, నా చెవులతో విన్నాను అని అతను ఒట్టేశాడు. రోజూ ఆమె చెప్పేది పెరుగు సంగతే కాబట్టి, చెప్పింది వినకుండా అలవాటు కొద్దీ తెచ్చేశాడని ఆమె తీర్మానించుకుంది. మగవాళ్లు వినరు అన్న మాట మీద ఆ రాత్రి భోజనాలు ముభావంగా జరిగాయి. ల్యాబ్‌లో ఫోను గొంతుల గురించి అంత తెలిసిన మనిషికి ఇంట్లో ఆ అనుమానమే రాలేదు.

ల్యాబ్‌లో మాత్రం పండగలా ఉంది. అరుంధతి ఇంటి మార్కులు చూసి, అదే హద్దుతో పెద్ద పెట్టెలు చేసి టవర్ల కింద పెడుతున్నారు, టవర్ నుంచి ఫోన్లలోకి వెళ్లే గొంతును అవి కుడతాయి. అన్నిటికంటే ముందు ఏ టవర్ అన్నప్పుడు, జోషిత హాస్టల్ పక్కన ఉన్నది అని చెప్పింది కూడా ఆమే. అక్కడా గోడలు మందం, రేకుల షెడ్లు, ఫోను చేసేది వందల మంది. ఉస్మాన్ గారికి ఆ ఆలోచన తెగ నచ్చింది. హాస్టల్ పిల్లలూ తల్లిదండ్రులూ మాట్లాడుకునే మాటలకంటే తేలిగ్గా అతుక్కునేవి ఇంకెక్కడుంటాయమ్మా అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

పెద్ద పెట్టెలు పెట్టిన కొన్నాళ్లకి, గదుల మార్కులన్నీ ఒక్కచోట చూస్తుంటే అరుంధతికి పంటి కింద పలుకురాయిలా ఒకటి తగిలింది. డాబా మీద సిగ్నల్ నిండుగా ఉంటుంది, అతుకుతో పనే ఉండదు, అక్కడ నాలుగు మార్కులు. వెనక గదిలో సిగ్నలే లేదు, అక్కడ అయిదుకి దాదాపు అయిదు. గది ఎంత చెడ్డదైతే కాల్ అంత బాగుంది. సిగ్నల్ లేనిచోట మాట ఎక్కడి నుంచి వస్తోంది అని ఆమె ఉస్మాన్ గారిని అడిగింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషే, ఎవరినీ గద్దించి ఎరగడు. "వినేవాళ్లకి హాయిగా ఉందా లేదా, మనం కొలిచేది అంతే కదమ్మా. ఒక్క కంప్లయింటైనా వచ్చిందా?"

రాలేదు. తప్పు మాట వినపడ్డవాడికి అది తప్పు అని తెలిస్తే కదా కంప్లయింటు ఇచ్చేది. కానీ ఆ ముక్క అప్పటికి ఆమె నోటి దాకా రాలేదు. పరీక్ష వాక్యాలతో కాకుండా నిజం కాల్ మీద ఒకసారి గదులన్నీ పోల్చి చూద్దాం అని మాత్రం అనుకుంది. వాళ్లింటికి వచ్చే పొడుగాటి కాల్ ఒక్కటే ఉంది, అది ఆదివారం వచ్చేది.

ఆ ఆదివారం పూర్ణ ముందు గదిలో పేపరు మొహం మీద వేసుకుని పడుకున్నాడు. ఫోను మోగేసరికి అరుంధతి వెనక గదిలో ఉంది. తిన్నావా తల్లీ అని అడిగింది.

"తిన్నానమ్మా. బాగానే ఉన్నా. టెస్టు కూడా బాగానే రాశా."

గొంతు మెత్తగా, నిండుగా ఉంది. చుట్టూ హాస్టల్ రొద అన్నది లేదు. అయిదు మార్కులు అనుకుంటూ ఆమె లేచి వంటింట్లోకి నడిచింది. ఒక గీత వచ్చింది. గొంతులో సన్నగా గరగర మొదలైంది. బాగానే అన్న మాట సగంలో ఆగి, దాని కింద నుంచి ఇంకేదో మాట తల ఎత్తబోయి అణిగిపోయింది. ముందు గది దాటి మెట్లు ఎక్కుతుంటే ఊపిరి వినపడింది, ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఒకే గొంతు రెండు మాటలు ఒకేసారి అంటున్నట్టు చెవిలో గజిబిజిగా ఉంది. సగం మెట్ల మీద ఆమె ఆగిపోయింది. తర్వాత పరుగెత్తింది.

డాబా మీద నాలుగు గీతలు ఉన్నాయి. హాస్టల్ వరండాలో ఫ్యాను కిరకిర, వెనక పిల్లల గొణుగుడు, అన్నీ వినపడ్డాయి. వాటి మధ్య బొంగురుపోయిన గొంతొకటి మాట్లాడుతోంది. అది తన కూతురి గొంతు అని పోల్చుకోవడానికి తల్లికి ఒక క్షణం పట్టింది.

"...ఎన్ని వారాల నుంచి అడుగుతున్నానమ్మా. మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయానని చెప్పినా అదే మాట. నిద్ర పట్టట్లేదు, అన్నం చూస్తే వాంతొస్తోంది అని చెప్పినా అదే మాట. నన్ను తీసుకెళ్లు. ఇంక నావల్ల కావట్లేదు."

అరుంధతి ట్యాంకు పట్టుకుంది. "వస్తున్నా తల్లీ. ఇప్పుడే బయల్దేరుతున్నా. నిన్ను తీసుకొచ్చేస్తా, విన్నావా?"

అవతల పిల్ల మెల్లగా నవ్వింది. ఆ నవ్వు ఏడుపు కంటే ఘోరంగా ఉంది.

"మళ్లీ అదే. సరేలే అమ్మా, ఓర్చుకుంటాలే. ఇంక అడగను."

"నేను అలా అనలేదే. వస్తున్నాను అన్నాను."

"ఆఁ. నువ్వూ జాగ్రత్త." ఫోను పెట్టేసింది.

అరుంధతి ఎండలో అలాగే నిలబడిపోయింది. తన ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయి, మాట శుభ్రంగా వెళ్లింది. కానీ అక్కడ, హాస్టల్ టవర్ కింద, తను అడిగి మరీ పెట్టించిన పెద్ద పెట్టె కూర్చుని ఉంది. రేకుల షెడ్డు కింద తన మాట తెగినచోటల్లా అది కుట్టింది. పిల్లకి జాగ్రత్త తల్లీ అని చెప్పింది కూడా అదే అయి ఉంటుంది. ఇన్ని వారాలుగా తల్లీ కూతురూ మాట్లాడుకోలేదు. తల్లి ఒక పెట్టెతో మాట్లాడింది, కూతురు ఇంకో పెట్టెకి మొరపెట్టుకుంది. పిల్ల కొత్తగా చెప్పిన ప్రతి మాటనూ ఖాళీ కింద లెక్కేసి, పాత మాటతో పూడ్చేశాయి అవి. తిరిగి ఫోను చేస్తే ఎవరూ ఎత్తరు, వార్డెన్ టేబుల్ మీది ఫోను బయటికి చెయ్యడానికే. ఎత్తినా లాభం లేదు. ఎంత గట్టిగా అరిచినా ఆ గోడ అవతలికి తన మాట పోదు.

కిందికి దిగి పూర్ణను లేపి చెప్పింది. అతను మొదట నమ్మలేదు. పోయిన వారం తనతో కూడా మాట్లాడిందిగా, బాగానే ఉన్నాననే చెప్పిందిగా అన్నాడు. మీరు ఆ రోజు పెరుగు ఎందుకు తెచ్చారు అని అడిగింది అరుంధతి. అతను ఆవిడ మొహంలోకి చూశాడు. లేచి కారు తాళాలు తీశాడు.

దారిలో ఆమె ఉస్మాన్ గారికి ఫోను చేసింది. హాస్టల్ దగ్గరి పెట్టె ఇప్పుడే ఆపెయ్యండి సార్, పిల్లలకి వినపడే మాటలు మారిపోతున్నాయి, ఎవరి ప్రాణం మీదికో వస్తుంది అని చెప్పింది. చాలా మంచిదమ్మా, రేపు ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడాయన, ఎప్పటిలాగే నిదానంగా. సార్, నేను ఇప్పుడు ఏం చెప్పానో ఒకసారి చెప్పండి అని అడిగింది. చాలా మంచిదమ్మా అంది ఫోను. ఆ మాట అన్నది ఉస్మాన్ గారో, ఆయన దగ్గరి టవరో ఆమెకి తెలియలేదు. తెలుసుకునే దారి ఈ లోకంలో ఒక్కటే మిగిలింది, ఎదురుగా వెళ్లి నిలబడటం. ఫోను సంచిలో పడేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఇది కలిసే ఆదివారం కాదన్నాడు. వార్డెన్‌ని పిలిపిస్తే ఆవిడ వచ్చి, ఇప్పుడేగా ఫోనులో మాట్లాడారు, అమ్మాయి ఓర్చుకుంటానని కూడా చెప్పింది, మళ్లీ ఏం కొంపలు మునిగాయని వచ్చారు అంది. పూర్ణ ఆటోనగర్‌లో లారీల మోత మీద మాట్లాడే గొంతు తీశాడు. రెండో అంతస్తు కిటికీల్లోంచి పిల్లలు తొంగిచూశారు. గేటు తెరుచుకుంది.

వాళ్లని రేకుల వరండాలో కూర్చోబెట్టి, జోషితను పిలవడానికి మనిషిని పంపారు. ఆ వరండాలోనే ఫోను టేబుల్ ఉంది. లైను ఇంకా అవలేదు. రెండు జడల పిల్ల ఒకతె రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుని, గోడ వైపు తిరిగి మాట్లాడుతోంది. జ్వరం తగ్గలేదు, గొంతులో ముద్ద దిగట్లేదు, నాన్నని పంపించమ్మా అంటోంది. చెప్పి, ఆగి, వింది. అరుంధతికి అవతలి మాట వినపడలేదు గానీ, పిల్ల తల ఊపడం కనపడింది. సరే అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది. వెనకున్న అమ్మాయి చెయ్యి చాచింది.

అరుంధతి లేచి రెండు జడల పిల్ల దగ్గరికి వెళ్లింది. మీ అమ్మ ఏమందమ్మా అని అడిగింది. పిల్ల బెదురుగా వార్డెన్ వైపు చూసి, మాత్ర వేసుకుని చదువుకోమంది ఆంటీ అని చెప్పింది.

"అన్నది మీ అమ్మ కాదమ్మా. మీ అమ్మకి నీ మాట వినపడిందో లేదో. మధ్యలో ఒక మిషను ఉంది, అది అంది."

పిల్ల ఆమెను ఎగాదిగా చూసింది. పిచ్చిదని అనుకుందో, జాలే పడిందో.

"మా అమ్మే ఆంటీ. మా అమ్మ ఎప్పుడూ అలాగే అంటుంది."

అరుంధతి, మీ ఊరేదమ్మా అని మాత్రం అడిగింది. నూజివీడు దగ్గర పల్లెటూరి పేరొకటి చెప్పి, తండ్రి పేరు కూడా చెప్పి, పిల్ల మెట్ల వైపు వెళ్లిపోయింది. పూర్ణ అది విని, చీకటి పడకముందే ఆ ఊరు చేరొచ్చులే అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. లైను ఒక అడుగు ముందుకు జరిగింది.

జోషిత వచ్చింది. చొక్కా భుజాల మీద నుంచి జారుతోంది. కళ్ల కింద నల్లగా ఉంది, మోచేతి మీద పడిపోయినప్పుడు తగిలిన దెబ్బ ఎండి చెక్కు కట్టింది. తల్లిదండ్రులను చూసి ఆమె పరుగెత్తుకుని రాలేదు. ఎదురుగా ఉన్న బెంచీ మీద, కాస్త ఎడంగా కూర్చుంది. పూర్ణ మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఎందుకొచ్చారు?" అని అడిగింది. "ఓర్చుకుంటానన్నాగా."

అరుంధతి చెప్పడం మొదలుపెట్టింది. పెట్టె గురించి, సిగ్నల్ లేని గది గురించి, హద్దు గురించి చెప్పింది. నువ్వు చెప్పిందేదీ మాకు వినపడలేదు, బాగున్నాను, తిన్నాను అన్నదే వినపడింది అని చెప్పింది. నీకు వినపడింది నేను అన్న మాట కాదు, ఇవాళ నేను వస్తున్నా అని అరిచాను, అది నీ దాకా రానేలేదు అని చెప్పింది. ఇంజనీరు కూతురు కాబట్టి జోషితకి విషయం బోధపడటానికి ఎంతోసేపు పట్టలేదు. నేల వైపు చూస్తూ విన్నది, చివరికి తల ఎత్తింది.

"అది మన మాటలే విని నేర్చుకుంటుంది అన్నావుగా. ఓర్చుకో అన్నది ఎవరి దగ్గర నేర్చుకుంది?"

అరుంధతి కూతురి మోచేతి మీది దెబ్బ వైపు చూసింది.

"పెట్టె లేదనుకో. తీసుకెళ్లమని నేను ఏడ్చింది మొత్తం నీకు వినపడిందనుకో. మొదటి వారమే వినపడిందనుకో. ఏమనేదానివి?"

అడిగిన తీరులో కోపం లేదు. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఒంటరిగా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగినట్టుంది.

జవాబు అరుంధతి నాలుక మీద సిద్ధంగానే ఉంది. ఆ క్షణమే రెక్కలు కట్టుకుని వచ్చేదాన్ని తల్లీ అనాలి. ఏ తల్లి అయినా అదే అంటుంది, ఏ పిల్లకైనా వినడానికి అదే హాయిగా ఉంటుంది. అది అయిదుకి అయిదు మార్కుల మాట. ఆ మాట తనలోంచి అంత సాఫీగా, అతుకు కనపడకుండా ఎలా వస్తోందో చూసి ఆమెకి తనంటే తనకే భయం వేసింది. చేరిన కొత్తలో, పెట్టె ఇంటికి రాకముందు, ముక్కలుగా వినపడిన ఏడుపు ఆమెకి గుర్తొచ్చింది. అప్పుడు సిగ్నల్ ఎంత పాడుగా ఉన్నా ఏడుపు ఏడుపులాగే వినపడింది. అప్పుడు తను ఏమందో కూడా గుర్తొచ్చింది.

"ఓర్చుకోమనేదాన్ని" అంది అరుంధతి. "ఆ వారమూ అదే అనేదాన్ని, తర్వాత వారమూ అదే. పడిపోయావని తెలిస్తే మందులు పంపి, ఓర్చుకోమనేదాన్ని. పెట్టె నాకంటే ముందు అంది, అంతే."

"అరుంధతీ" అని పూర్ణ ఆపబోయాడు. పిల్ల ముందు ఆ మాట ఎందుకన్నట్టు చూశాడు. ఆమె అతని వైపు తిరగలేదు.

జోషిత తల్లిని చాలాసేపు చూసింది. ఎక్కడైనా కుట్టు ఉందేమోనని వెతుకుతున్నట్టు కళ్లూ, పెదాలూ చూసింది. టేబుల్ దగ్గర ఇంకో పిల్ల తిన్నావా అమ్మా అని ఎవరినో అడుగుతోంది.

"ఇది మాత్రం నువ్వే అన్నావమ్మా" అంది జోషిత. బెంచీ మీద నుంచి లేచి, బట్టలు సర్దుకుని వస్తాను, కార్లో కూర్చోండి అని చెప్పి మెట్లెక్కింది.